డెబ్బై కిలోమీటర్లు సైకిలు మీద



మీలో చాలామందికి సైకిలు తొక్కడం వచ్చు. కొందరు చిన్నప్పుడే నేర్చుకున్నారు. కొందరు పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక నేర్చుకున్నారు. పొలానికి వెళ్తారు. రేషను దుకాణానికి వెళ్తారు. పిల్లల్ని బడి దగ్గర దింపి వస్తారు.

కానీ దూరం అనగానే ఆగిపోతాం. "అమ్మో, అంత దూరమా! బస్సు వస్తే చూద్దాంలే" అంటాం. మరి బస్సు రాకపోతే? ఇంట్లో మగవాళ్ళ కోసం ఎదురుచూస్తాం. వాళ్ళకి తీరిక లేకపోతే? ఆ పని ఆగిపోతుంది. ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజున వెళ్ళలేం. బ్యాంకుకు వెళ్ళాల్సిన రోజున వెళ్ళలేం. అమ్మకి ఒంట్లో బాగాలేదని కబురు వచ్చినా పుట్టింటికి పోలేం.

ఐదు కిలోమీటర్లు తొక్కే మనిషి యాభై, డెబ్బై కిలోమీటర్లు తొక్కగలదా? తొక్కగలదు. దానికి పెద్ద కండబలం అక్కర్లేదు. ముందు నుంచి సిద్ధం కావాలి, అంతే. ఎలా సిద్ధం కావాలో, దారిలో ఎలా ఉండాలో ఈ పాఠంలో చదువుదాం.

పుదుక్కోట్టై ఆడవాళ్ళు

ముందుగా ఒక సంగతి చెప్పుకుందాం. తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. మనలాగే అక్కడా అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. దాని పేరు అరివొళి ఇయక్కం. అంటే జ్ఞానపు వెలుగు కోసం జరిగే ఉద్యమం అని అర్థం. అది 1990ల మొదటి మాట. అప్పుడు ఆ జిల్లా కలెక్టరు ఒక మహిళ. ఆమె పేరు షీలారాణి చుంకత్.

చదువు చెప్పేవాళ్ళు ఊరూరూ తిరగాలి. అందులో చాలామంది ఆడవాళ్ళే. బస్సులు తక్కువ. నడిస్తే పొద్దు చాలదు. అందుకని చదువుతో పాటు సైకిలు కూడా నేర్పారు. పొలం కూలీలు నేర్చుకున్నారు. రాళ్ళ క్వారీలో పనిచేసే ఆడవాళ్ళు నేర్చుకున్నారు. అంగన్‌వాడీ టీచర్లు, నర్సులు నేర్చుకున్నారు. వేలమంది రోడ్డెక్కారు. ఎగతాళి చేసినవాళ్ళు చేశారు. వీళ్ళు మాత్రం ఆగలేదు.

ఆడవాళ్ళ సైకిళ్ళు చాలినన్ని దొరకలేదు. మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. కొందరికి అవే బాగా నచ్చాయి. ఎందుకో తెలుసా? ముందు ఉండే అడ్డకడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు!

అదే రోజుల్లో, 1992లో, మన నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువుకున్న ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఒకచోట అక్షరం సారా దుకాణం మూయించింది. ఇంకోచోట అక్షరం సైకిలు ఎక్కించింది. చదువు వచ్చాక మనిషి ఉన్నచోట ఉండదు మరి.

మూడు మాటలు

దూర ప్రయాణానికి మూడు మాటలు గుర్తుపెట్టుకుంటే చాలు.

చెడిపోక ముందే చూసుకోవాలి.
దాహం కాక ముందే తాగాలి.
అలిసిపోక ముందే ఆగాలి.

మిగతావన్నీ ఈ మూడింటిలోంచి వచ్చేవే.

కొంచెం కొంచెంగా అలవాటు

"ఇల్లు అలకగానే పండగ కాదు" అంటారు. సైకిలు తొక్కడం రాగానే దూరం వెళ్ళిపోలేం. ఒంటికి అలవాటు చెయ్యాలి. ఆరు వారాలు ముందు నుంచి మొదలుపెట్టండి.

మొదటి వారం: రోజు విడిచి రోజు 5 కిలోమీటర్లు.
రెండో వారం: రోజు విడిచి రోజు 8 కిలోమీటర్లు.
మూడో వారం: రోజు విడిచి రోజు 10 కిలోమీటర్లు. వారం చివర ఒకసారి 20.
నాలుగో వారం: అలాగే 10 కిలోమీటర్లు. వారం చివర ఒకసారి 30.
ఐదో వారం: అలాగే 10 కిలోమీటర్లు. వారం చివర ఒకసారి 40.
ఆరో వారం: రెండుసార్లు 10 కిలోమీటర్లు. చివరి రెండు రోజులు విశ్రాంతి.

దీనికోసం వేరే తీరిక ఎక్కడ దొరుకుతుంది అంటారా? పొలానికి వెళ్ళే దారినే లెక్కలో వేసుకోండి. సంతకు వెళ్ళి వచ్చిన దూరం కూడా లెక్కే.

తొడలు, నడుము కొంచెం నొప్పి పుడతాయి. రెండు రోజుల్లో తగ్గుతుంది. అది మామూలే. మోకాలు పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం ఆపండి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలు నొప్పి వస్తుంది. సీటు ఎత్తు సరిచూసుకోండి.

సీటు ఎంత ఎత్తు ఉండాలి? సీటు మీద కూర్చోండి. పెడలు బాగా కిందికి వచ్చినప్పుడు మడమ దాని మీద ఆనించండి. కాలు దాదాపు చక్కగా చాచినట్టు ఉండాలి. అప్పుడు ముందు పాదంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదీ సరైన ఎత్తు. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు భయం పోయేదాకా కాలి వేళ్ళు నేలకు అందేలా పెట్టుకోండి. తర్వాత కొంచెం కొంచెం పైకి లేపండి.

సైకిలు బాగుందా?

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?" బయలుదేరే వారం ముందే సైకిలు చూసుకోవాలి. ముందు మీరే చూడండి. మీకు చేతకానిది మెకానికు చేత చేయించండి.

టైర్లు: అరిగి లోపలి దారాలు కనిపిస్తున్నాయా? అయితే మార్చాలి. గాలి గట్టిగా ఉండాలి. బొటనవేలితో నొక్కితే సొట్ట పడకూడదు. బరువు ఎక్కువగా వెనక చక్రం మీదే పడుతుంది. దానికి ఇంకొంచెం గట్టిగా కొట్టించండి.

బ్రేకులు: రెండూ పట్టాలి. బ్రేకు రబ్బర్లు అరిగితే మార్చండి. అవి చౌకే. ప్రాణం చౌక కాదు.

చైను: వదులైతే ఊడుతుంది. మరీ బిగుతైతే తొక్కడం బరువవుతుంది. గుడ్డతో మట్టి తుడిచి రెండు చుక్కలు నూనె వెయ్యండి. మిషను నూనె మంచిది. వంటనూనె వెయ్యకండి. అది జిగురు కట్టి దుమ్ము పడుతుంది.

చక్రాలు: చక్రం పైకెత్తి తిప్పండి. అటూ ఇటూ ఊగుతూ తిరిగితే వంకర పోయినట్టు. పుల్లలు వదులైతే బిగింపించాలి.

నట్లు: హ్యాండిలు, సీటు, పెడళ్ళు, రెండు చక్రాల నట్లు అన్నీ గట్టిగా ఉన్నాయో లేదో చూడండి.

బెల్లు మోగాలి. వెనక ఎర్ర అద్దం ఉండాలి. వెలుగు పడితే అది మెరుస్తుంది. వెనక వచ్చే బండికి మనం కనిపిస్తాం.

ఒంటి సంగతి

సైకిలును చూసుకున్నట్టే ఒంటినీ చూసుకోవాలి కదా!

మనలో చాలామందికి రక్తం తక్కువ. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అంటే సగం మంది కంటే ఎక్కువ. రక్తం తక్కువైతే ఆయాసం వస్తుంది. కళ్ళు తిరుగుతాయి. గుండె దడదడలాడుతుంది. కాబట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం పరీక్ష చేయించుకోండి. గర్భిణి కాని ఆడమనిషికి హిమోగ్లోబిన్ 12 గ్రాములైనా ఉండాలి. తక్కువైతే మాత్రలు ఇస్తారు. ఆకుకూరలు, పప్పులు, బెల్లం, గుడ్లు తినండి. రక్తం పట్టాకే దూరం వెళ్ళండి.

గర్భిణులు, బాలింతలు, ఆపరేషను అయినవాళ్ళు, గుండె జబ్బు, బి.పి., షుగరు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా దూర ప్రయాణం పెట్టుకోవద్దు.

బహిష్టు రోజుల్లో తొక్కవచ్చా? తొక్కవచ్చు. తప్పేమీ లేదు. ఓపిక లేకపోతే మానెయ్యండి. వెళ్తే మాత్రం మార్చుకోవడానికి రెండు గుడ్డలో, ప్యాడ్‌లో ఎక్కువ పెట్టుకోండి. తడిసినది ఎక్కువసేపు ఉంచుకుంటే రాపిడికి పుండ్లు పడతాయి.

ఏం కట్టుకోవాలి?

పంజాబీ డ్రెస్సు అయితే సులువు. చున్నీ మాత్రం వెనక్కి వేలాడకూడదు. చున్నీ చక్రంలో పడి మెడకు ఉరి బిగుసుకుంటుంది. ఇది ప్రాణం తీసే ప్రమాదం. చున్నీని నడుముకు చుట్టి ముడి వెయ్యండి. లేదా ఇంట్లోనే వదిలెయ్యండి.

చీర కూడా పనికొస్తుంది. నాట్లకు వెళ్ళేటప్పుడు చీర ఎగదోపుకుంటాం కదా! అలాగే పైకి దోపండి. కొంగు నడుము చుట్టూ తిప్పి దోపండి. వెనక చక్రానికి జాలీ, చైనుకు కవరు తప్పకుండా ఉండాలి.

లోపలి బట్టలు నూలువి వేసుకోండి. మందంగా కుట్టు ఉన్నవి ఒరుసుకుంటాయి. తొడలు ఒరుసుకునే చోట కొబ్బరినూనె రాసుకోండి. కాళ్ళకి వెనక పట్టీ ఉన్న చెప్పులు గానీ, బూట్లు గానీ ఉండాలి. హెల్మెట్ ఉంటే పెట్టుకోండి. లేకపోతే ఎండకు తలగుడ్డ కట్టుకోండి.

సంచిలో ఏముండాలి?

గాలి పంపు. పానా. పంచరు సామాను: ప్యాచీలు, సొల్యూషను, గరుకు కాగితం, రెండు టైరు లివర్లు. ఒక కొత్త ట్యూబు. రెండు లీటర్ల నీళ్ళు. తినడానికి సరుకు. చిన్న టార్చిలైటు. కొంచెం డబ్బు. ప్లాస్టికు కవరులో చుట్టిన ఫోను. దెబ్బ తగిలితే కట్టుకోవడానికి శుభ్రమైన గుడ్డ.

ఇంకొకటి ఉంది. అది ఒక చీటీ. దాన్ని మీ చేత్తో మీరే రాయండి. మీ పేరు, ఊరు, ఇంటివాళ్ళ ఫోను నంబరు, మీ రక్తం గ్రూపు రాయండి. ఏ మందులు వాడుతున్నారో రాయండి. ఫోను పోయినా, మాట రాకపోయినా ఆ చీటీ మీ తరఫున మాట్లాడుతుంది.

సామాను క్యారేజీకి గట్టిగా కట్టండి. హ్యాండిలుకు సంచులు తగిలించవద్దు. అవి చక్రానికి తగులుతాయి. హ్యాండిలు కూడా లాగుతుంది.

లెక్క వేద్దాం

ఇప్పుడు నిజంగా ఒక దారి తీసుకుందాం. విజయవాడ నుంచి మచిలీపట్నం. మనం బందరు అని కూడా అంటాం. దూరం సుమారు 70 కిలోమీటర్లు. నేలంతా చదును. కొండలు లేవు. దారిలో కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు వస్తాయి.

చదును రోడ్డు మీద నిదానంగా తొక్కితే గంటకు 12 కిలోమీటర్లు వెళ్తాం. శీతాకాలంలో తెల్లవారుతుండగా 6 గంటలకు బయలుదేరామనుకోండి.

6:00 – విజయవాడలో బయలుదేరాం.
7:15 – కంకిపాడు. సుమారు 15 కిలోమీటర్లు వచ్చాం. 15 నిమిషాలు ఆగుదాం.
8:45 – ఉయ్యూరు. మొత్తం సుమారు 30 కిలోమీటర్లు. టిఫిను. అరగంట ఆగుదాం.
10:15 – పామర్రు. మొత్తం సుమారు 42 కిలోమీటర్లు. ఇంకో అరగంట ఆగుదాం.
10:45 – మళ్ళీ బయలుదేరాం. ఇంకా 28 కిలోమీటర్లు ఉంది. మధ్యలో 20 నిమిషాలు ఆగుదాం.
1:25 – మచిలీపట్నం.

తొక్కింది ఎంతసేపు? 5 గంటల 50 నిమిషాలు. ఆగింది ఎంతసేపు? 1 గంట 35 నిమిషాలు. మొత్తం 7 గంటల 25 నిమిషాలు. మీరు కూడా కూడి చూడండి.

"ఇంతసేపు ఆగడమెందుకు? ఆగకుండా పోతే పన్నెండు లోపలే చేరుకుంటాం కదా" అని కొందరు అంటారు. అలా పోయినవాళ్ళు పామర్రు దగ్గరే చతికిలబడతారు. "పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు." దూర ప్రయాణంలో ఈ సామెత నూటికి నూరు పాళ్ళూ నిజం.

పొద్దున్నే ఎందుకు బయలుదేరాలి? ఎండ ఒక కారణం. గాలి ఇంకో కారణం. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఎండెక్కే కొద్దీ సముద్రం వైపు నుంచి గాలి వీస్తుంది. బందరు వైపు వెళ్ళేవాళ్ళకి అది ఎదురుగాలి. ఎదురుగాలిలో చదును రోడ్డు కూడా ఎత్తు ఎక్కినట్టే ఉంటుంది. అప్పుడు వేగం తగ్గించాలి. గాలితో పంతం పట్టకూడదు.

ఒక్కరోజులో వద్దనుకుంటే రెండు రోజులు పెట్టుకోండి. పామర్రులో చుట్టాలుంటే రాత్రికి అక్కడ ఉండండి. అదేమీ ఓడిపోవడం కాదు. నడివేసవిలో మాత్రం ఇలాంటి ప్రయాణం పెట్టుకోవద్దు.

తిండి, నీళ్ళు

మన ఇళ్ళల్లో ఒక అలవాటు ఉంది. అందరూ తిన్నాక మిగిలింది మనం తింటాం. ప్రయాణం రోజు ఆ అలవాటు పనికిరాదు. బయలుదేరడానికి గంట ముందే మీరు తినాలి. ఇడ్లీ, చద్దన్నం, రొట్టె ఏదైనా సరే. కడుపు నిండా బిగించి తినవద్దు. ఉపవాసం ఉండి అసలే వెళ్ళవద్దు.

దారిలో గంటకోసారి కొంచెం తినండి. అరటిపండు మంచిది. వేరుసెనగ, బెల్లం ఉండలు మంచివి. అటుకులు మంచివి. ఆగిన చోట నూనె వేపుళ్ళు తింటే కడుపు బరువెక్కుతుంది.

నీళ్ళు పావుగంటకోసారి రెండు మూడు గుక్కలు తాగండి. దాహం వేసేదాకా ఆగవద్దు. గంటకు అర లీటరు అయినా పోవాలి. ఎండలో ఇంకా ఎక్కువ కావాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది. అందుకని ఉప్పు వేసిన మజ్జిగ, కొబ్బరినీళ్ళు తాగండి. ఉప్పు, చక్కెర నీళ్ళు ఇలా కలుపుకోవచ్చు: శుభ్రమైన నీళ్ళు 1 లీటరు, చక్కెర 6 చిన్న చెంచాలు, ఉప్పు అర చిన్న చెంచా. చెంచాలు తలకొట్టి కొలవండి. ఉప్పు ఎక్కువ కాకూడదు. షుగరు, బి.పి. ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి తాగండి.

ఇక్కడ ఒక మాట మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. చాలామంది ఆడవాళ్ళు ప్రయాణంలో నీళ్ళు తాగరు. ఎందుకని? దారిలో దొడ్డికి, పాసుకు ఎక్కడికి వెళ్ళాలి అని భయం. అలా ఎండబెట్టుకుంటే వడదెబ్బ తగులుతుంది. పాసుకు వెళ్ళకుండా బిగబట్టుకుంటే మూత్రంలో మంట పుడుతుంది, జబ్బు చేస్తుంది. నీళ్ళు మానడం దీనికి మందు కాదు. మరుగుదొడ్డి ఉన్నచోట ఆగడమే మందు. ముందుగానే అనుకోండి: ఏ బస్టాండులో ఆగుతాం? ఏ పెట్రోలు బంకులో ఆగుతాం? దారి తెలిసినవాళ్ళని అడిగి రాసుకోండి.

రోడ్డు మీద

ఎప్పుడూ ఎడమ పక్కనే వెళ్ళాలి. పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళకూడదు. ఒకరి వెనక ఒకరు వెళ్ళాలి. ఇద్దరి మధ్య రెండు మూడు సైకిళ్ళ ఎడం ఉండాలి.

మలుపు తిరిగే ముందు వెనక్కి చూడాలి. చెయ్యి చాపి చూపించాలి. కుడివైపు పోవాల్సి వస్తే, పెద్ద రోడ్డు మీద దిగి, అటూ ఇటూ చూసి, సైకిలు నడిపించుకుంటూ దాటండి.

లారీకి గానీ, బస్సుకు గానీ ఎడమ పక్కన ఇరుక్కోవద్దు. అది ఎడమకు తిరిగితే డ్రైవరుకు మనం కనిపించం. ఆగిన బస్సు పక్కనుంచి దూసుకుపోవద్దు. ఎవరైనా చటుక్కున దిగుతారు.

బ్రేకు రెండు చేతులా కలిపి వెయ్యాలి. వాలులో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టేస్తే తలకిందులుగా పడతాం. ఎత్తు వస్తే దిగి నడవండి. అందులో నామోషీ లేదు.

కుక్క వెంటపడితే వేగం పెంచవద్దు. నెమ్మదించండి. అవసరమైతే దిగి సైకిలును అడ్డం పెట్టుకుని నడవండి.

చీకటి పడ్డాక వెళ్ళవద్దు. దారిలో చీకటి పడేలా ఉంటే ముందున్న ఊళ్ళోనే ఆగిపోండి.

రాళ్ళు, బోర్డులు చదవండి

చదువు రానప్పుడు రోడ్డు పక్క రాయి ఉత్త రాయే. ఇప్పుడు అది మనకు దారి చెప్తుంది. ఊరి పేరు, ఎన్ని కిలోమీటర్లు ఉందో దాని మీద రాసి ఉంటుంది.

రాయి పై భాగం రంగు కూడా చూడండి. పసుపు రంగు ఉంటే జాతీయ రహదారి. పచ్చ రంగు ఉంటే రాష్ట్ర రహదారి. నారింజ రంగు ఉంటే పల్లె రోడ్డు. పసుపు రాయి కనిపించిందంటే లారీలు ఎక్కువని తెలుసుకోండి. జాగ్రత్తగా వెళ్ళండి. పల్లెల మీదుగా వేరే దారి ఉంటే, కొంచెం దూరమైనా అదే మంచిది.

ఎర్ర గుండ్రంలో సైకిలు బొమ్మ ఉంటే, ఆ రోడ్డు మీద సైకిళ్ళు పోకూడదని అర్థం.

ఒక రాయి దగ్గర టైము చూడండి. ఇంకో రాయి దగ్గర మళ్ళీ చూడండి. ఒక కిలోమీటరుకు 5 నిమిషాలు పడితే గంటకు 12 కిలోమీటర్లు వెళ్తున్నట్టు. మన లెక్క సరిపోయింది! 4 నిమిషాలే పడితే తొందర పడుతున్నాం. కొంచెం తగ్గించాలి.

పంచరైతే?

భయపడకండి. పంచరు వెయ్యడం వంట కంటే కష్టం కాదు. ఇంటి దగ్గరే రెండుసార్లు చేసి నేర్చుకోండి.

1. సైకిలును రోడ్డుకు దూరంగా, నీడలోకి తీసుకెళ్ళండి. టైరులో ముల్లు, మేకు ఎక్కడ దిగిందో చూడండి. అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి.
2. వాల్వు విప్పి గాలంతా తీసెయ్యండి.
3. లివర్లతో టైరును ఒక పక్క పైకి లేపండి. ట్యూబును చెయ్యిపెట్టి బయటకు లాగండి. చక్రం ఊడదీయక్కర్లేదు.
4. వాల్వు మళ్ళీ పెట్టి కొంచెం గాలి కొట్టండి. ట్యూబును నీళ్ళలో ముంచండి. బుడగలు వచ్చినచోటే చిల్లు.
5. గాలి తీసెయ్యండి. అక్కడ బాగా తుడిచి ఆరనివ్వండి. గరుకు కాగితంతో రుద్దండి. సొల్యూషను పల్చగా పూయండి. కొద్ది నిమిషాలు ఆరనిచ్చి ప్యాచీ పెట్టి గట్టిగా నొక్కండి.
6. టైరు లోపల గుడ్డతో మెల్లగా తడమండి. ముల్లు ఇంకా ఉంటే తీసెయ్యండి. ఇది మరిచిపోతే మళ్ళీ పంచరవుతుంది.
7. ట్యూబు లోపల పెట్టండి. టైరును వీలైనంత వరకు చేతులతోనే ఎక్కించండి. లివరుతో పొడిస్తే ట్యూబుకు ఇంకో చిల్లు పడుతుంది. గాలి కొట్టండి.

ఎండలో కూర్చుని ఇదంతా చెయ్యలేకపోతే కొత్త ట్యూబు ఎక్కించుకుని, పాతది మెకానికు దగ్గర వేయించండి. దానికి చక్రం విప్పాలి. కాబట్టి పానా మరిచిపోవద్దు.

ఒళ్ళు చెప్పేది వినండి

చేతులు తిమ్మిరెక్కితే పట్టు మార్చండి. పిక్క పట్టేస్తే దిగి, కాలు చాపి, పాదం మెల్లగా మీ వైపుకు వంచండి. సీటు నొప్పి పుడితే దిగి ఐదు నిమిషాలు నడవండి.

తలనొప్పి, కళ్ళు తిరగడం, కడుపులో వికారం వస్తే అది ఎండ దెబ్బకు గుర్తు. వెంటనే ఆగండి. నీడలో పడుకోబెట్టండి. తడిగుడ్డతో ఒళ్ళంతా తుడవండి. విసరండి. తెలివి ఉంటే కొంచెం కొంచెంగా నీళ్ళు పట్టండి. మాట తడబడినా, ఒళ్ళు కాలిపోతున్నా, తెలివి తప్పినా 108కి ఫోను చెయ్యండి. తెలివి లేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యకండి. గుండెల్లో నొప్పి వచ్చినా 108కే చెయ్యండి.

ఎవరైనా వెంటపడి వేధిస్తే జనం ఉన్నచోట ఆగండి. 112కు ఫోను చెయ్యండి. 181 ఆడవాళ్ళకు సాయం చేసే నంబరు. ఈ మూడు నంబర్లూ చీటీలో రాసుకోండి.

అందరం కలిసి

మొదటిసారి ఒంటరిగా వద్దు. నలుగురైదుగురు కలిసి వెళ్ళండి. మెల్లగా తొక్కే మనిషిని ముందు పెట్టండి. ఆమె ఎంత వేగం పోతే అందరూ అంతే. పంచరు వెయ్యడం వచ్చిన మనిషి చివర ఉండాలి. అప్పుడు ఎవరూ వెనకబడిపోరు.

ఎక్కడెక్కడ ఎన్నింటికి ఆగుతారో కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. చేరగానే ఫోను చెయ్యండి. ఇంట్లోవాళ్ళకి భయం తగ్గితే వచ్చేసారి అడ్డు చెప్పరు.

ఒక పిల్ల సంగతి చెప్పి ముగిద్దాం. 2020 మే నెల. కరోనా లాక్‌డౌను. ఢిల్లీ దగ్గరి గురుగ్రాంలో ఒక ఆటో డ్రైవరు దెబ్బ తగిలి పనిలేక ఉన్నాడు. బస్సుల్లేవు. ఇల్లు బీహారులోని దర్భంగా జిల్లాలో ఉంది. దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. ఆయన కూతురు జ్యోతి కుమారికి 15 ఏళ్ళు. పాత సైకిలు ఒకటి కొని, తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరింది. ఇల్లు చేర్చింది. 2021లో ఆమెకు ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారం ఇచ్చారు.

ఆ పిల్ల సరదాకు వెళ్ళలేదు. గతిలేక వెళ్ళింది. అలాంటి కష్టం ఏ బిడ్డకూ రాకూడదు. కానీ ఆ రోజున ఆమెకు సైకిలు తొక్కడం రాకపోతే ఏమయ్యేది?

అవసరం చెప్పి రాదు. అలవాటు మాత్రం ముందే చేసుకోవచ్చు. ఈ వారమే ఐదు కిలోమీటర్లతో మొదలుపెట్టండి.

మాట్లాడుకుందాం

1. బస్సు లేక మీకు ఆగిపోయిన పనులు ఏవి? సైకిలు ఉంటే వాటిలో ఏవి జరిగేవి?
2. ప్రయాణంలో నీళ్ళు తాగకపోతే ఏమవుతుంది? మీ మండలంలో ఆడవాళ్ళకు మరుగుదొడ్లు ఎక్కడెక్కడ ఉన్నాయి?
3. ఆడవాళ్ళు దూరం వెళ్తే ఊళ్ళో ఏమంటారు? దానికి మీరేం జవాబు చెప్తారు?

చేసి చూద్దాం

1. మీ ఊరి నుంచి దగ్గరి పట్టణం ఎన్ని కిలోమీటర్లు? గంటకు 12 కిలోమీటర్లు తొక్కితే ఎంతసేపు పడుతుంది? లెక్క కట్టండి.
2. మీ పేరు, ఊరు, ఫోను నంబరు, రక్తం గ్రూపుతో చీటీ రాసి దగ్గర పెట్టుకోండి.
3. మీ కేంద్రంలో అందరూ కలిసి ఒక పాత ట్యూబుకు పంచరు వేసి చూడండి.